ఫిన్‌బార్ గారి రెండో సంతానం

ఆంజనేయప్రసాద్ వృత్తి హత్యలు. కంగారు పడకండి, పోయేవాళ్ళెవరూ కంటికి కనిపించరు. డండాక్ ఊరి చివర ఇంజెక్షన్ మందులు సీసాల్లో నింపే ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో ఒక గాజు గది. ఆ గదిలో క్రిమి అన్నది బతికి లేదని రుజువు చెయ్యడమే ఆయన ఉద్యోగం. గాలిని పరీక్షిస్తాడు, గోడల్ని పరీక్షిస్తాడు, లోపల పనిచేసేవాళ్ళ వేళ్ళ కొసల్ని కూడా పరీక్షిస్తాడు. అంతా అయ్యాక కాగితం మీద ‘నో గ్రోత్’ అని రాసి సంతకం గీకుతాడు. ఈ ఫ్యాక్టరీ కాకపోతే ఇంకో ఫ్యాక్టరీలో, పద్దెనిమిదేళ్ళుగా ఏదీ పెరగకుండా కాపలా కాస్తున్న మనిషికి పొట్ట ఒక్కటే పెరిగింది.

ఐర్లండ్ వచ్చాక ఆ పేరు ఇక్కడివాళ్ళకి నోరు తిరక్క ‘ఆండీ’ అయి కూర్చుంది. సముద్రం దాటిన ఆంజనేయుడికి తోక తెగిందన్నమాట.

ఇంట్లోనూ అదే వరస. గుమ్మంలో ఆల్కహాల్ స్ప్రే, వంటగదిలో ఆల్కహాల్ స్ప్రే, కారులో ఆల్కహాల్ స్ప్రే. "జన్మలో చుక్క ముట్టని మనిషండీ. ఇంటినిండా సీసాలే!" అని ఆయన భార్య శాంత వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. పేరుకి శాంతే గానీ, ఆ స్ప్రే చప్పుడు వినబడితే మాత్రం శాంతం ఉండదు.

ఇంతటి శుభ్రమైన మనిషితో కన్నకూతురు ఎనిమిది వారాలుగా మాట్లాడడం లేదు. కారణం ఒక చేప.

కూతురు ఆశ్రితకి పదమూడేళ్ళు. రెండేళ్ళ కిందట కిల్కెన్నీ నుంచి డండాక్‌కి ఇల్లు మారినప్పుడు, అక్కడ వదిలొచ్చిన నలుగురు స్నేహితురాళ్ళకి బదులుగా నాన్న ఒక చేపని కొనిపెట్టాడు. నలుగురికి ఒకటి. బేరం నాన్నకే గిట్టింది. నీలం ఒళ్ళు, ఎర్ర రెక్కలు, పట్టుచీర కుచ్చిళ్ళలా విచ్చుకునే తోక. జాతి బెట్టా, గుణం బెట్టు. గాజులో తన నీడ కనిపిస్తే చాలు, మొప్పలు విప్పి దానిమీదే యుద్ధానికి దిగుతుంది. ఆశ్రిత దానికి ఫిన్‌బార్ అని ఐరిష్ పేరు పెట్టింది. ఫిన్ అంటే రెక్కే కాబట్టి పేరు ఒంటికి అతికినట్టు సరిపోయింది. కొత్త ఊళ్ళో, కొత్త స్కూల్లో ఎవరూ పలకరించని మొదటి నెలంతా ఆ పిల్ల స్కూలు కబుర్లు చెప్పుకున్నది ఫిన్‌బార్‌కే.

బెట్టా చేపలు మూడేళ్ళు బతికితే గొప్ప. ఈ ఏడు ఫిన్‌బార్ నీలం ఉతికి ఉతికి వెలిసిన జీన్స్ ప్యాంటులా అయింది. తోక అంచులు చిరిగాయి. "వాడు పోయేలోపు వాడి పిల్లలు కావాలి" అంది ఆశ్రిత. దగ్గర్లో ఉండే రిటైరైన పోస్ట్‌మ్యాన్ పాడ్రిగ్, గ్యారేజీలో కారు తప్ప అన్ని రకాల చేపల్నీ పెట్టుకున్నాయన, గ్రాన్యా అనే ఆడచేపని ఇచ్చాడు. ఇస్తూ ఒకే మాట చెప్పాడు: "తొట్టిలో మురికి ఉండనివ్వండి. ఆ మురికిలోనే పిల్లల తిండి ఉంటుంది."

మురికి! ఆంజనేయప్రసాద్ ఇంట్లో! మార్చిలో ఆయన పద్నాలుగు పేజీల విధానపత్రం రాశాడు. తొట్టి నీళ్ళు వడకట్టే స్పంజి ఉడకబెట్టాడు. గాజు తుడిచాడు. నీళ్ళలో నాననివ్వమని పాడ్రిగ్ ఇచ్చిన ఎండు బాదం ఆకుని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి చెత్తబుట్టలో వేశాడు. గుడ్లు పెట్టినంతసేపూ గుడ్లప్పగించి చూశాడు. అరవై పిల్లలు పుట్టాయి. వారం తిరక్కుండా ఒక్కటీ మిగల్లేదు.

అక్కడికీ ఆశ్రిత ఏమీ అనలేదు. కానీ ఈయనే ఓదారుస్తున్నాననుకుని, "ఏం చేస్తామమ్మా, తండ్రి ముసలాడైపోయాడు, పిల్లల్లో పస లేదు" అన్నాడు.

ఆ పిల్ల తలెత్తి చూసింది. "యూ క్లీన్డ్ దెమ్ టు డెత్, డాడ్. అండ్ యూ ఆర్ బ్లేమింగ్ హిమ్?"

తోమి తోమి చంపిన మాట నిజం. నింద మాత్రం నోరులేని ఫిన్‌బార్ మీద పడింది. ఆ రోజు నుంచి ఆశ్రిత నాన్నతో నేరుగా మాట్లాడడం మానేసింది. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నా సరే, కబురు అమ్మ మీదుగానే.

"మామ్, టెల్ హిమ్ ద బస్ ఈజ్ లేట్."

"ఏమండీ, బస్సు లేటుట."

"వినబడింది శాంతా, నేను ఇక్కడే ఉన్నా."

"మీ నాన్నకి వినబడిందిట."

శాంతకి ఈ దుబాసీ ఉద్యోగం విసుగొచ్చేసింది. ఆంజనేయప్రసాద్‌కి విసుగు కాదు, భయం వేసింది. పదమూడేళ్ళ పిల్ల ఒకసారి అలవాటు పడితే ఈ మౌనం పద్దెనిమిదో ఏట ఇల్లు దాటేదాకా సాగుతుందేమో అని.

మే నెలలో ముసలి ఫిన్‌బార్‌కి మళ్ళీ మనసైంది. నీటి మీద బుడగలు ఊది, ఒకదాని పక్కన ఒకటి అతికించి నురగ గూడు కట్టాడు. ఆశ్రిత గ్రాన్యాని తొట్టిలోకి వదిలింది. శనివారం పొద్దున్న గుడ్లు. పెట్టడంతో గ్రాన్యా పని అయిపోయింది, ఆమెని వేరే తొట్టిలోకి తీసేశారు. ఆ తర్వాత సంసారమంతా మగాడిదే. కిందికి జారిన ప్రతి గుడ్డునీ నోట కరుచుకుని మళ్ళీ గూట్లో అంటించడం, తిండి మానేసి కాపలా కాయడం. శాంత ఈ పద్ధతి చూసి చాలా సంతోషించింది. మొగుడికి చూపించి మరీ సంతోషించింది.

సోమవారానికి గుడ్లు పగిలి పిల్లలు దారప్పోగుల్లా గూటి కింద నిలువుగా వేలాడాయి. బుధవారం అవి అడ్డంగా తిరిగి ఈత మొదలెడతాయి. ఆ ఘడియ నుంచే వాటికి కంటికి కనపడని తిండి కావాలి. ఆ ఘడియలోనే తండ్రిని తీసెయ్యాలి, లేకపోతే ఆకలి మీదున్నవాడు పిల్లల్ని పలారం చేసెయ్యగలడు. సరిగ్గా ఆ బుధవారమే ఆశ్రిత క్లాసు మొత్తం కార్లింగ్‌ఫర్డ్‌కి పడవలు తొయ్యడానికి మూడు రోజుల ట్రిప్పు.

"అమ్మా, నువ్వు చూస్తావా?" అని అడిగింది.

"నాకు చేపలతో పులుసు వరకే పరిచయం తల్లీ" అంది శాంత. పైగా ఆవిడ పనిచేసే క్రెష్‌లో పసిపిల్లల్ని పొద్దున్నే అందుకోవాలి.

ఆశ్రిత ఒక కాగితం మీద ఏదో రాసి, నాన్న కాఫీ కప్పు కింద పెట్టింది. "మామ్, టెల్ హిమ్ దేర్ ఈజ్ నోబడీ ఎల్స్."

ఇంకెవరూ లేరు కాబట్టి నువ్వు. ఇంతకంటే గౌరవంగా ఎవరినైనా నియమించవచ్చు. కానీ ఆంజనేయప్రసాద్‌కి ఆ నియామకం చాలు. కాగితం తీసి చదివాడు. ‘ఒకటి: దేన్నీ కడగొద్దు. రెండు: దేన్నీ తుడవొద్దు. మూడు: ఒకటో నంబరు మళ్ళీ చదువు. నాలుగు: పిల్లలు ఈదగానే ఫిన్‌బార్‌ని వేరే తొట్టిలోకి మార్చు. ఐదు: హాట్ ప్రెస్‌లో ఉన్న సూప్‌ని సిరంజితో రోజుకి మూడుసార్లు.’

హాట్ ప్రెస్ అంటే వేడివేడి వార్తలు అచ్చేసే చోటు అనుకునేరు. ఈ దేశంలో బీరువాని ప్రెస్ అంటారు. వేడినీళ్ళ ట్యాంకు ఉండే బీరువా హాట్ ప్రెస్. ఇక్కడివాళ్ళు తువ్వాళ్ళు ఆరేసుకుంటారు, మనవాళ్ళు దోసెల పిండి పులియబెట్టుకుంటారు. శాంత పిండి గిన్నె పక్కనే ఒక చిన్న జామ్ సీసా. అందులో తొట్టి నీళ్ళు, కుళ్ళిన లెట్యూస్ ఆకు, ఆ కుళ్ళులో పుట్టిన లక్షల సూక్ష్మజీవులు. అదే సూప్. వాసన మాత్రం సూపర్ కాదు.

బుధవారం సాయంత్రం ఆరింటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పిల్లలు ఈదుతున్నాయి. ఆంజనేయప్రసాద్ ఒక కప్పుతో ఫిన్‌బార్‌ని మెల్లిగా తీసి పక్క తొట్టిలో దించాడు. తుడవలేదు, కడగలేదు. ఎంత గర్వపడ్డాడంటే, మనసు ఆ గర్వం దగ్గరే ఉండిపోయి చేతుల్ని వదిలేసింది. వదిలేసిన చేతులు పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పని చేసుకుపోయాయి. హాట్ ప్రెస్ తెరిచాయి. సీసా మూత తియ్యకముందు అంచు చుట్టూ మూడుసార్లు స్ప్రే కొట్టాయి. సిరంజిలోకి ఆల్కహాల్ పీల్చి, ఆడించి, పూర్తిగా వదలకుండానే సూప్‌లో ముంచాయి. తొట్టిలో పది చుక్కలు వేసి, సిరంజిలో మిగిలింది మళ్ళీ సీసాలోకే కొట్టేశాయి. మూత పెట్టాక ఇంకోసారి స్ప్రే.

గురువారం ఆయనకి సెలవు. పొద్దున్నే మొదటి మోతాదు వెయ్యబోతూ, పరీక్షించకుండా ఏదీ ఎక్కడా వెయ్యని మనిషి గనక, ఆశ్రిత పుట్టినరోజుకి తానే కొనిచ్చిన మైక్రోస్కోప్ కింద సూప్ చుక్క పెట్టాడు. చూశాడు. ఏదీ కదలడం లేదు. ఇంకో చుక్క. కదలిక లేదు. మూడో చుక్క చూసి, అలవాటు కొద్దీ పైకే అన్నాడు:

"నో గ్రోత్."

గాజు గదిలో పండగ చేసుకునే ఆ రెండు ముక్కలకి ఈ ఇంట్లో ‘కరువు’ అని అర్థం. సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆల్కహాల్ వాసన. నిన్న సాయంత్రం చేతులు చేసిన పనంతా ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

శాంత క్రెష్‌కి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటోంది.

"శాంతా, సూప్ చచ్చిపోయింది."

"సూపు చావడమేంటండీ బాబూ? ఎవరు చంపారు?"

ఆంజనేయప్రసాద్ నీళ్ళు నమిలాడు. చేపలున్న ఇంట్లో నీళ్ళకి లోటేముంది! "అలవాటు."

"ఎవరి అలవాటు?"

"నాదే."

శాంత ఒక బూటు కాలితో అలాగే నిలబడిపోయింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "దానికి చెబుతారా?" అని మాత్రం అడిగింది. ఆయన చూపు ఫిన్‌బార్ మీదికి వెళ్ళింది. "తండ్రి ముసలాడు" అన్న మాట ఇంకా చేతికందే దూరంలోనే ఉంది. ఈసారీ వాడుకోవచ్చు. ఆశ్రితకి ఎప్పటికీ తెలియదు.

ముందు పిల్లల సంగతి. పాడ్రిగ్‌కి ఫోన్ చేశాడు. ఆయన సెలవులకి వెళ్ళి, స్పెయిన్ వాళ్ళ లాన్జరోటే దీవి బీచ్‌లో ఎండకి కాగుతున్నాడు. వెనక అలల చప్పుడు.

"కొత్తగా సూప్ కాయాలంటే వారం పడుతుంది ఆండీ, నీకంత టైమ్ లేదు. రేపటికల్లా తిండి పడాలి. మీ ఇంట్లో మ్యాంకీ బకెట్ ఏదైనా ఉందా?"

ఆంజనేయుడికి ‘మంకీ’ అని వినబడి క్షణకాలం రోషం వచ్చింది. మ్యాంకీ అంటే ఈ దేశంలో పరమ కంపు అని గుర్తొచ్చి తగ్గింది. "నా ఇంట్లోనా? నా ఇంట్లో అలాంటివి ఉండవు పాడ్రిగ్."

"అయితే అదే నీ జబ్బు" అని ఆయన పెట్టేశాడు.

ఫోన్ స్పీకర్ మీద ఉంది. గుమ్మంలో శాంత గొంతు సవరించుకుంది.

"ఏమండీ, కోప్పడకండి. చలికాలంలో మీరొక బకెట్ పారబొయ్యమన్నారు, గుర్తుందా?"

"బియ్యం కడిగిన నీళ్ళ బకెట్. కరివేపాకు మొక్కకని పోగేసేదానివి. పారబోశానన్నావుగా?"

"పారబోస్తానన్నాను. పారబోశానని ఎప్పుడన్నాను? పెరట్లో, ఇల్లు వెచ్చబెట్టే కిరసనాయిల్ ట్యాంకు వెనకాల పెట్టాను. మీరు అటు రారుగా, సాలీళ్ళుంటాయని."

ఆంజనేయప్రసాద్ చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తాడు. వానలో తడుస్తూ, ట్యాంకు వెనక, ఐదు నెలల బియ్యం కడుగు, వాననీరు, రాలిన ఆకులు, పచ్చటి తెట్టె. మీదికి వంగగానే వాసన వచ్చి మొహం మీద చరిచింది. మామూలు రోజైతే ఆ వాసనకి ఆయన అంబులెన్స్‌కి ఫోన్ చేసేవాడు. ఇవాళ ఒక చెంచాడు తీసుకుని, అరచెయ్యి అడ్డుపెట్టి, దీపం ఆరిపోకుండా తెచ్చినట్టు లోపలికి తెచ్చాడు.

మైక్రోస్కోప్ కింద చుక్క. కన్ను ఆనించాడు.

ఊరు! ఒక ఊరికి ఊరే. చెప్పుల ఆకారంవి కొన్ని, గంటల ఆకారంవి కొన్ని, గిరగిరా బొంగరాల్లా తిరిగేవి, ఒకదాన్నొకటి గుద్దుకుని పక్కకి తప్పుకునేవి. జాతర రోజు బస్టాండులా ఉంది ఆ చుక్క. పద్దెనిమిదేళ్ళు వీటిని వెతికి, దొరక్కపోతే సంబరపడ్డ మనిషి, మొదటిసారి దొరికినందుకు నోరు తెరిచాడు.

"శాంతా, ఎంతమంది ఉన్నారో చూడు!"

"ఉన్నారుట! మనుషుల్లా చెబుతున్నారేంటండీ" అంటూనే ఆవిడా వంగి చూసింది. "అయ్య బాబోయ్! వీళ్ళనా నేను మొక్కలకి పోస్తున్నది?" క్రెష్‌కి ఆ రోజు పావుగంట ఆలస్యంగా వెళ్ళింది.

తర్వాత పనంతా ఆంజనేయప్రసాద్ ఒక్కడే చేశాడు. పనీర్ వడకట్టే పల్చటి గుడ్డలో పచ్చనీళ్ళు వడకట్టాడు, పెద్ద పురుగులేవీ పోకుండా. ఆ నీళ్ళని పిండి గిన్నె పక్కన గంటసేపు వెచ్చబెట్టాడు. స్ప్రే సీసాలన్నీ ఏరి కారు డిక్కీలో పెట్టి తాళం వేసి, తాళంచెవి శాంత చీరల అర మీద పెట్టాడు. కొత్త సిరంజితో తొట్టిలో నెమ్మదిగా వదిలాడు. చేపలు పులుసులోకి వెళ్ళడం చూశాడు గానీ, పులిసిన నీళ్ళు చేపల్లోకి వెళ్ళడం ఇదే చూడటం.

అయినా నష్టం జరగనే జరిగింది. సాయంత్రానికి అడుగున పదకొండు పిల్లలు కదలకుండా పడి ఉన్నాయి. మిగతావాటి పొట్టలు భూతద్దంలో చూశాడు. ఒకదానికి ఆవగింజలో పదోవంతు ఉబ్బు. అదే ఆశ. ఇంకో మోతాదు వేసి, టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

ఆయన ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. తప్పు జరిగితే, చేసినవాడే కాగితం మీద రాసివ్వాలి. దాన్ని డీవియేషన్ రిపోర్ట్ అంటారు. రాసినవాడిని ఎవరూ ఏమీ అనరు. దాచినవాడిని మర్నాడు గేటు దాటనివ్వరు. పద్దెనిమిదేళ్ళలో ఆంజనేయప్రసాద్ ఒక్క తప్పూ దాచలేదు, ఫ్యాక్టరీలో. ఇంట్లో మార్చిలో దాచాడు. ఇప్పుడు కాగితం ముందు పెట్టుకుని కాసేపు మీనమేషాలు లెక్కపెట్టాడు. మేషాలు ఎటూ లేవు, తొట్టి వైపు తిరిగి మీనాల్నే లెక్కపెట్టి, రాయడం మొదలెట్టాడు.

శుక్రవారం సాయంత్రం ఆశ్రిత వచ్చింది. సముద్రం వాసనేసే జుట్టు, బురద బూట్లు. బ్యాగు హాల్లో పడేసి తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళబోతుంటే, నాన్న అడ్డంగా నిలబడి కాగితం అందించాడు.

"మామ్, వాట్ ఈజ్ దిస్?"

"నన్నడక్కు. నేను రిజైన్ చేశాను" అంది శాంత.

ఆశ్రిత నిలబడే చదివింది. జరిగింది: బుధవారం సాయంత్రం ఆపరేటర్ సూప్‌లో ఆల్కహాల్ కలిపి దాన్ని చంపాడు. నష్టం: పదకొండు పిల్లలు. మిగిలినవి: నలభై ఒకటి, కదులుతుంటాయి గనక రెండు అటూ ఇటూ కావచ్చు. చేసిన సర్దుబాటు: అమ్మ దాచిన బకెట్. మూలకారణం: ఆంజనేయప్రసాద్. అనుబంధం: మార్చిలో పోయిన అరవై పిల్లలకీ మూలకారణం ఇదే. అప్పుడు రిపోర్ట్ రాయలేదు. ఫిన్‌బార్ తప్పేమీ లేదు.

ఆఖరి వాక్యం దగ్గర ఆ పిల్ల కళ్ళు ఆగాయి. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి తొట్టిలోకి చూసింది. లైటులో కొన్ని పొట్టలు గుండ్రంగా తెల్లగా మెరిశాయి. పక్క తొట్టిలో ఫిన్‌బార్, ఐదు రోజుల ఉపవాసం విడిచినవాడు, చిరుగుల తోక విదిలించి ఆంజనేయప్రసాద్ మీదికి మొప్పలు విప్పాడు.

"ఈ గడి ఖాళీగా ఉంది" అంది ఆశ్రిత ఇంగ్లీషులో, కాగితం చూపిస్తూ. అమ్మ వైపు కాదు, నాన్న వైపు తిరిగి. ‘మళ్ళీ జరగకుండా తీసుకునే చర్య’ అన్న గడి అది.

"తప్పు చేసినవాడు అది రాయకూడదమ్మా. పైవాళ్ళు రాయాలి."

ఆశ్రిత పెన్సిల్ తీసుకుని రాసింది. సంతకం పెట్టింది. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించి, స్నానానికి వెళ్ళిపోయింది. అందులో ఇలా ఉంది: ‘రోజూ పొద్దున్న ఏడింటికి పిల్లలకి తిండి పెట్టే బాధ్యత డాడ్‌ది. స్ప్రే నిషేధం.’

శనివారం పొద్దున్న ఆంజనేయప్రసాద్ సిరంజి పట్టుకుని, మొహం కూడా కడుక్కోకుండా, రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. ఆశ్రిత అప్పటికే స్టూల్ మీద కూర్చుని ఉంది.

"యూ ఆర్ లేట్, డాడ్."

"రెండు నిమిషాలే కదే!"

"టూ మినిట్స్ ఈజ్ ఎ డీవియేషన్" అంది ఆశ్రిత, తొట్టి మీంచి చూపు తిప్పకుండా, స్టూల్ కొంచెం పక్కకి జరుపుకుని ఆయనకి చోటిస్తూ. "రాయి, నాన్నా."